నీళ్ళు కట్టిన మాట

కాంటావాస్‌లో చేలాజీ మాటకు విలువున్నది ఒకే ఒక్క విషయంలో. పెళ్ళి సంబంధాలకు ఆయన్ని అడిగేవాళ్ళు లేరు, పంచాయితీలో ఆయనకు కుర్చీ వేసేవాళ్ళు లేరు, డెయిరీ దగ్గర పాలు పోసే వరసలో ముందుకు రమ్మనేవాళ్ళు అంతకన్నా లేరు. కానీ ఫలానా చేనుకు నీళ్ళు కట్టారా లేదా అన్న మాట వస్తే మాత్రం ఊరంతా ఆయన నోటివంక చూసేది. ఆయన కట్టానన్నాడంటే కట్టినట్టే. ఇక దాని మీద చర్చ లేదు.

మా బనాస్ నది పక్క నీళ్ళు కట్టే మనిషిని పాణతియో అంటారు. భూమి ఒకరిది, బోరు ఒకరిది, పంట ఒకరిది, బురద మాత్రం పాణతియోది. చేలాజీ తండ్రి దల్సంగ్‌భాయ్ తండ్రి పొలంలో నీళ్ళు కట్టాడు. చేలాజీ దల్సంగ్‌భాయ్ పొలంలో కట్టాడు, నలభై ఒక్క ఏళ్ళు. ముప్పై బీఘాల పొలం అది. సగానికి పైగా గేదెల మేతకే: లూసర్న్ గడ్డి, దాన్ని మావాళ్ళు రజ్కో అంటారు, ఓ అంచున జొన్న. నలభై ఒక్క ఏళ్ళ తడికి చేలాజీ కాలిగోళ్ళు ఎనిమిది రాలిపోయాయి. మిగిలిన రెండూ నల్లబడి వంకర తిరిగాయి. ఆయన మడమ పగుళ్ళలో రూపాయి బిళ్ళ నిలబెట్టొచ్చని ఊళ్ళో కుర్రకారు పందెం వేసుకునేవాళ్ళు. ఒకడు నిజంగానే నిలబెట్టి చూపించాడు. చేలాజీ కాలు కదపకుండా కూర్చుని నిలబెట్టించుకున్నాడు. ఆయన అలాంటి మనిషి మరి, ఏం చేస్తాం.

ఏడాదికోసారి ఇన్ని సజ్జలు కొలిచి ఇచ్చేవారు. అది పొట్టకు. అసలు జీతం మోపు. ఏ రోజు నీళ్ళు కడితే ఆ రోజు, ఆ పొలంలోంచే, తల మీద మోయగలిగినంత పచ్చమేత కోసుకుపోవచ్చు. ఎవరూ కాగితం మీద రాసింది కాదు, ఎవరూ కాదన్నదీ కాదు. చేలాజీ గుడిసె ముందు కట్టేసి ఉండే భగ్రీ అనే గేదె ఆ మోపుల మీద బతికింది. భగ్రీ పాల మీద చేలాజీ, ఆయన పెళ్ళాం నాథీ బతికారు. వాళ్ళకు పుట్టిన ఇద్దరు పిల్లలూ నెలల గుడ్లప్పుడే పోయారు. ఆ తర్వాత నాథీ తన ముద్దూ మురిపెం, తిట్టూ శాపనార్థం అన్నీ గేదెలకే ఖర్చుపెట్టింది. భగ్రీని తిట్టినంత వైనంగా ఆవిడ మొగుణ్ణి కూడా తిట్టేది కాదు.

ఇక్కడ జొన్న సంగతి ఒకటి చెప్పాలి. ఇది తెలియకపోతే చేలాజీ సంగతి తెలియదు. జొన్న కోసిన మోళ్ళు ఎండకు మాడిపోయి ఉన్నప్పుడు, కాస్తంత తడి తగిలితే చాలు, మళ్ళీ పిలకలు వేస్తాయి. దాన్నే నాము అంటారు. చూడ్డానికి నల్లపచ్చగా, నిగనిగలాడుతూ కంటికి ఎంతో ఇంపుగా ఉంటుంది. తిన్న పశువు గంట తిరక్కుండా నేల మీద ఉంటుంది. ఆ విషం పోవాలంటే నిండుగా ఒక తడి ఇచ్చి, పన్నెండు రోజులు ఎదగనిచ్చి, నడుమెత్తు వచ్చాక కోయాలి. అందుకని కాంటావాస్‌లో ఒక పద్ధతి ఉంది. జొన్నకు నీళ్ళు పెట్టిన రోజున పాణతియో "నీళ్ళు వదిలాను" అంటాడు. "కట్టాను" అనడు. పన్నెండు రోజులు పోయాక మళ్ళీ వెళ్ళి చూసి, ఆకు విరిచి చూసి, అప్పుడంటాడు "కట్టాను" అని. ఆ మాట పడేదాకా పేటలో ఏ ఆడదీ కొడవలి తియ్యదు. పడ్డాక మరి వెనకా ముందూ చూడదు.

ఇక దల్సంగ్‌భాయ్ పొలం సంగతి. ఆ బోరు మీద పదకొండు మంది భాగస్తులు. ఒక్కొక్కరికి వారానికి నాలుగు వంతులు, వంతుకు మూడు గంటలు. వాడుకోకపోతే ఆ వంతు పక్కవాడికి పోతుంది. ఆ ఏడుపుతో, చేనుకు దాహం ఉన్నా లేకపోయినా మూడు గంటలూ పారించడమే. పైన యూరియా చల్లడం, దాని మీద మడి నిండా నీళ్ళు నిలబెట్టడం. రజ్కో తాగినంత తాగి, మిగిలిన నీళ్ళు యూరియాను కడుక్కుని భూమిలోకి దిగేవి. పల్లానికి ఏముంది? చేలాజీ వాళ్ళ పేట ఉంది. పేట చేతిపంపు నీళ్ళు మొదట చప్పబడ్డాయి. తర్వాత నాలుక మీద జివ్వుమనడం మొదలైంది. పొలం పల్లపు మూలలో మట్టి మీద తెల్లగా ఉప్పు పేరుకుంది, అక్కడ గడ్డిపరక కూడా మొలవలేదు. చివరికి నీళ్ళు పరీక్ష చేసేవాళ్ళు వచ్చారు. పంపుకు ఎర్రరంగు పూసి, పసిపిల్లలకు ఈ నీళ్ళు పట్టొద్దని చెప్పిపోయారు. ఏ నీళ్ళు పట్టాలో చెప్పలేదు.

చేలాజీకి చదువు లేదు గానీ, ఎర్రరంగు చూసిన రోజున తను ఇన్నాళ్ళూ చేసిన పనేమిటో అర్థమైంది. తన పారతో తిప్పిన నీళ్ళే కిందికొచ్చి తన పేట గొంతులో దిగుతున్నాయి. రెండు రోజులు సరిగా అన్నం తినలేదు. నాథీ అడిగితే పంటినొప్పి అన్నాడు. తర్వాతి వంతు నుంచి ఆయన పిడికిలి మొదలుపెట్టాడు.

పిడికిలి అంటే పెద్ద విద్యేం కాదు. రజ్కో మడిలో జానెడు లోతు తవ్వి, అడుగున ఉన్న మట్టి తీసి, పిడికిట్లో పెట్టి నొక్కుతాడు. ముద్ద కట్టి అరచేతికి చెమ్మ అంటితే ఇంకో నాలుగు రోజులు నీళ్ళక్కర్లేదు. ముద్ద కట్టి, ఎగరేసి పట్టుకుంటే విడిపోతే రేపు పెట్టాలి. వేళ్ళ సందుల్లోంచి రాలిపోతే అప్పటికే ఆలస్యమైనట్టు. అంతే. కానీ ఆ చెమ్మ ఎంతైతే చాలో ఆ అరచేతికి తెలిసినట్టు ఇంకెవరికీ తెలియలేదు. దల్సంగ్‌భాయ్ వంతు వచ్చినా కాలువ మడవ తెరవకుండా చేలాజీ వెనక్కి వచ్చేస్తుంటే భాగస్తులు పగలబడి నవ్వారు. మట్టి నాడి పట్టే వైద్యుడొచ్చాడురా అన్నారు. దల్సంగ్‌భాయ్ అయితే, నీ బాబు సొమ్మా నా వంతు వదిలెయ్యడానికి, అని నలుగురిలో ముక్కచివాట్లు పెట్టాడు. చేలాజీ తల వంచుకుని విన్నాడు. మర్నాడు మళ్ళీ పిడికిలే.

దీంట్లో ఆయనకు పడిన దెబ్బ వేరే ఉంది. నీళ్ళు కట్టని రోజున మోపు లేదు గదా. వారానికి నాలుగు మోపులు వచ్చే ఇంటికి రెండే వచ్చాయి. ఊరిని ఉద్ధరించే మొనగాడికి ఇంట్లో గేదె డొక్కలు కనపడవా అని నాథీ రోజూ దులిపేది. ఆవిడ కోపంలో న్యాయం ఉంది. తనకు రావాల్సిన మేతను తనే తగ్గించుకున్న పాణతియోను మా ప్రాంతంలో అంతకుముందు ఎవరూ చూడలేదు.

మూడో కోతకు చుట్టుపక్కల పొలాల్లో రజ్కో వేళ్ళు కుళ్ళి, పసుపు తిరిగి, చాపలు చాపలుగా పడిపోయింది. దల్సంగ్‌భాయ్ పొలంలో మోకాలెత్తు నిలబడింది. అప్పుడు దల్సంగ్‌భాయ్ మీసం దువ్వుకుని, నీళ్ళు తగ్గించమని తనే చెప్పానన్నాడు. చేలాజీ పక్కనే ఉన్నాడు. అవునన్నట్టు తల ఊపాడు.

ఆ ఏడే దల్సంగ్‌భాయ్ కొడుకు అల్కేశ్ వ్యవసాయం చదువు ముగించుకుని ఇంటికొచ్చాడు. అతను నవ్వలేదు. మట్టిలో గుచ్చి తడి చూసే ముల్లు లాంటి పరికరం ఒకటి తెచ్చుకున్నాడు. రెండు నెలలు చేలాజీ వెంట తిరిగాడు. చేలాజీ పిడికిలి తెరవడం, అల్కేశ్ ముల్లు గుచ్చడం, పుస్తకంలో రాసుకోవడం. ఒక్కసారంటే ఒక్కసారి కూడా పిడికిలి తప్పలేదు. చేలాజీ ఛాతీ విరుచుకుని తిరిగాడు ఆ రెండు నెలలూ. చదువుకున్న పిల్లాడు నన్ను అడిగి రాసుకుంటున్నాడే అని నాథీతో పదిసార్లు చెప్పాడు. పిచ్చి మనిషి, తన గొయ్యికి తనే కొలతలిచ్చాడు.

శీతాకాలం పోయేసరికి పొలమంతా డ్రిప్పు గొట్టాలు పరిచారు. బోరు దగ్గర ఒక పెట్టె పెట్టారు. ఏ వరసకు ఎప్పుడు ఎంత నీళ్ళు పోవాలో అంతా ఆ పెట్టే చూసుకుంటుంది. అందులో ఎక్కించిన లెక్క చేలాజీ పిడికిలి లెక్కే. నిజం చెప్పాలంటే ఆ పనిలో తప్పు పట్టడానికి ఏమీ లేదు, అదే దీంట్లో దౌర్భాగ్యం. నీళ్ళు సగానికి సగం మిగిలాయి. యూరియా కిందికి దిగడం ఆగింది. పల్లపు మూలలో ఉప్పు తగ్గుముఖం పట్టింది. ఇలాగే రెండు మూడేళ్ళు సాగితే పేట పంపు నీళ్ళు మళ్ళీ తాగడానికి పనికొస్తాయని కూడా అన్నారు. చేలాజీ కోరుకున్నదంతా జరిగింది. జరిగాక, పొలంలో తెరవడానికి మడవ లేదు, మూయడానికి మడవ లేదు, చేలాజీతో పని లేదు.

ఆయన్ని పొమ్మన్నవాళ్ళు లేరు, రమ్మన్నవాళ్ళూ లేరు. అలవాటు చొప్పున రోజూ పొద్దున్నే వెళ్ళి బోరు గది అరుగు మీద కూర్చునేవాడు. నెల గడిచింది. మోపు అడిగాడు. దల్సంగ్‌భాయ్ సాసర్‌లో టీ పోసుకుని ఊదుకుంటున్నాడు.

"నీళ్ళు కడితే మోపు. ఇప్పుడు కట్టేదెవరు చేలా? గొట్టం. గొట్టానికి గేదె లేదుగా" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. నవ్వు అయిపోయేదాకా చేలాజీ నిలబడే ఉన్నాడు, మోపు మాట మళ్ళీ వస్తుందేమోనని. రాలేదు.

భగ్రీ అప్పటికి ఎనిమిదో నెల చూడుతో ఉంది. ఇంకో రెండు నెలలు దాన్ని నిలబెట్టుకుంటే ఈనుతుంది, ఈనితే పాలు, పాలుంటే వాళ్ళకు బతుకు. నిలబెట్టుకోలేకపోతే ఏమీ లేదు. ఇద్దరికీ ఇంకో ఆధారం లేదు, చేతిలో ఇంకో పనీ లేదు, అరవై దాటిన పాణతియోను పెట్టుకునే పొలమూ లేదు, ఎందుకంటే దల్సంగ్‌భాయ్‌ని చూసి మిగతావాళ్ళూ గొట్టాలే పరుస్తున్నారు. నాథీ దారి పక్కన గడ్డి గీరింది. సర్కారు తుమ్మకాయలు ఏరుకొచ్చి పెట్టింది. ఒకరి గట్టు మీద గరిక కోస్తుంటే ఆ ఇంటి కోడలు వచ్చి కొడవలి లాక్కుని తుమ్మకంపలోకి విసిరేసింది. నాథీ చేతులు గీరుకుపోగా దాన్ని వెతికి తెచ్చుకుంది. భగ్రీ వెన్నుపూసలు లెక్కపెట్టేటట్టు తేలాయి. కడుపు మాత్రం రోజురోజుకీ కిందికి జారింది.

వైశాఖంలో దల్సంగ్‌భాయ్‌కి ఓ పూట దయ పుట్టింది. అంచున జొన్న మోళ్ళున్నాయి, ఎలాగూ ఎండిపోతున్నాయి, నువ్వే కోసుకో చేలా అన్నాడు. నలభై ఏళ్ళు చేశావు, ఆమాత్రం చెయ్యకపోతే బాగుండదని కూడా అన్నాడు. ఆ అంచుకు గొట్టం తోక ఒకటి చేరింది. మంగళవారం మంగళవారం మిగిలిన నాలుగు చుక్కలు అక్కడ పడేవి. మాడిన మోళ్ళకు ఆ నాలుగు చుక్కలూ తగిలి పిలకలేశాయి. చేలాజీ వెళ్ళి చూశాడు. నల్లపచ్చగా, జానెడున్నర ఎత్తు. నాము.

ఒక్క తడి నిండుగా పారించనివ్వండి, పన్నెండు రోజుల్లో మేత అవుతుంది అని వెళ్ళి అల్కేశ్‌ని బతిమాలాడు. అల్కేశ్ చెడ్డవాడేం కాదు. మర్యాదగానే మాట్లాడాడు.

"కాకా, పిడికెడు చెమ్మ చాలని ఊరందరికీ చెప్పింది నువ్వు. ఆ మాట మీదే ఇంత ఖర్చుపెట్టాం. ఇప్పుడు నువ్వే మడి నింపమంటే ఎలా?"

తన మాటే తన మొహాన కొట్టాక ఇక అనడానికేముంది? చేలాజీ ఇంటికొచ్చాడు. పశువుల తొట్టిలోంచి బిందెలతో మోసి తనే తడుపుతానన్నాడు. పది రోజులు మోస్తే అడుగు తడుస్తుంది, ఆపైన పన్నెండు రోజులు. అప్పటిదాకా భగ్రీకి ఎండుచొప్పే. నాథీతో మాత్రం గట్టిగా చెప్పాడు.

"నా నోట కట్టానన్న మాట వచ్చేదాకా దాని జోలికి పోకు."

నాకా చెబుతున్నావు, పాణతియో పెళ్ళాన్ని, జొన్న సంగతి నాకు తెలియదా అని నాథీ మూతి తిప్పింది. మర్నాటి నుంచి ఆయన బిందె భుజానికెత్తుకున్నాడు. మూడు రోజులు మోశాడు. నాలుగో రోజు పొద్దున అల్కేశ్ కబురు పెట్టాడు.

ఆ వేళ పొలం చూడ్డానికి రెండు బస్సుల నిండా రైతులు వస్తున్నారు. షామియానా వేశారు. స్తంభానికి రెండు మైకులు కట్టారు, ఒకటి రోడ్డు వైపు, ఒకటి పేట వైపు. వేదిక మీద పెద్దమనుషులతో పాటు పశువుల డాక్టరుకు కూడా కుర్చీ వేశారు. అల్కేశ్ చేలాజీకి కొత్త తలపాగా కట్టించాడు. అందరి ముందూ పిడికిలి చూపించాలి, అంతే. బాగా చూపిస్తే ఇక నుంచి వచ్చే ప్రతి బస్సుకూ ఆయనే చూపించాలి, చూపించిన ప్రతిసారీ రజ్కో మోపు. మోపు అన్న మాట వినగానే చేలాజీ తలపాగా సరిచేసుకున్నాడు. ఎన్నాళ్ళకు విన్నాడా మాట.

ఏం చెప్పాలో అల్కేశ్ నేర్పాడు. ఈ మొత్తం పొలానికి రెండు గంటల్లో నీళ్ళు వదిలాం అంటానన్నాడు చేలాజీ.

"వదిలాం అంటే వృథాగా పారబోశాం అనుకుంటారు కాకా. కట్టాం అను."

"గొట్టాల నీళ్ళను కట్టడం అనకూడదు బాబూ. మా పేటలో ఆ మాటకు..."

"మీ పేటకు చెప్పడం లేదుగా మనం" అన్నాడు అల్కేశ్.

అదీ నిజమే గదా అనుకున్నాడు చేలాజీ. ఎక్కడెక్కడి నుంచో వచ్చినవాళ్ళు. బస్సెక్కి వెళ్ళిపోయేవాళ్ళు.

ఆయన పిడికిలి పైకెత్తినప్పుడు రెండు వందల మంది చప్పట్లు కొట్టారు. ముద్ద ఎగరేసి పట్టుకున్నప్పుడు ఫోన్లు పైకి లేచాయి. పక్కనే అల్కేశ్ ముల్లు గుచ్చి చూపించాడు, రెండూ ఒకటే అన్నాడు, మళ్ళీ చప్పట్లు. నలభై ఒక్క ఏళ్ళ బురదలో ఆయనకు ఒక్కరు చప్పట్లు కొట్టలేదు. తల తిరిగింది. అప్పుడు ముందు వరసలో కూర్చున్న ఓ ముసలి రైతు, అనుభవమున్న మనిషి, చెయ్యెత్తి అడిగాడు. అంతా బాగుంది గానీ, ఆ అంచున జొన్న వాలకం చూస్తే నీళ్ళు చాలినట్టు లేదే, దానికి కట్టారా అని.

షామియానా కింద గుసగుస మొదలైంది. అల్కేశ్ మొహం మాడింది. దల్సంగ్‌భాయ్ కుర్చీలో ముందుకు వంగి చేలాజీ వైపు చూశాడు. చేలాజీకి ఆ చూపులో మోపు కనపడింది, వచ్చే బస్సు కనపడింది, భగ్రీ కనపడింది. మైకు నోటి దగ్గరికి లాక్కున్నాడు.

"జొన్నకూ కట్టాను" అన్నాడు.

ముసలి రైతు తృప్తిగా కూర్చున్నాడు. అల్కేశ్ ముందుగా చప్పట్లు కొట్టాడు.

పేటలో నాథీ గుడిసె ముందు కూర్చుని సజ్జల్లో రాళ్ళేరుతోంది. మైకులో మొగుడి గొంతు వినపడినప్పటి నుంచీ చుట్టుపక్కల ఆడవాళ్ళు ఆవిణ్ణి ఆటపట్టిస్తున్నారు, నీ మొగుడు మంత్రి అయిపోయాడే, రేపట్నుంచి మాతో మాట్లాడతావా అని. నాథీ మురిసిపోతూనే తిడుతోంది. ఆ మాట వినపడగానే చాట పక్కన పెట్టి లేచింది. ఆవిడ మొహంలో నవ్వు చూసి నెలలైందని తర్వాత పక్కింటామె చెప్పింది.

జొన్న పొట్టిగానే ఉంది. నాథీ అది చూడలేదని కాదు. చూసింది, కొడవలి పట్టుకుని కాసేపు నిలబడింది. బిందెలు మోసి మూడు రోజులే కదా అయింది, పన్నెండు ఎక్కడ అయ్యాయి అనుకుంది. కానీ గొట్టాల నీళ్ళ లెక్క వేరేమో, ఆ పెట్టెతో ఏం చేశారో, ఆయనకు తెలియకుండా అంటాడా అనుకుంది. నలభై ఏళ్ళలో ఆ నోటి నుంచి ఆ మాట తప్పుగా రాలేదు. అక్కడే నిలబడి ఆలోచిస్తే భగ్రీ కడుపు నిండదు. వంగి మోపు కోసింది.

రెండు నెలలకు పైగా కడుపునిండా పచ్చిమేత ఎరగని గేదె. మోపు కింద పెట్టనివ్వకుండా నోరు పెట్టింది. నాథీ దాని మెడ నిమురుతూ, తినవే దొంగముండా, నీ కోసమే ఆయన మైకెక్కాడు అని ముద్దు చేసింది. సగం మోపు అయ్యేసరికి గేదె తల ఎత్తింది. కాళ్ళు వణికాయి. నోట నురగ వచ్చింది. ముందరి మోకాళ్ళ మీద కూలబడి, పక్కకు ఒరిగిపోయింది. నాథీ గుండెలు బాదుకుంటూ మజ్జిగ పోసింది. బెల్లం నీళ్ళు పోద్దామంటే ఇంట్లో బెల్లం లేదు, రెండిళ్ళు అడిగితే చిన్న ముక్క దొరికింది. గేదె మింగలేదు. అప్పుడు ఆవిడ పొలం వైపు పరిగెత్తింది.

గేటు దగ్గర దల్సంగ్‌భాయ్ మనిషి ఆపాడు. మా ఆయన్ని పిలవండి, గేదె పడిపోయింది అంటే, మీ ఆయనకే శాలువా కప్పుతున్నారు, ఇప్పుడెలా పిలుస్తాం, గేదె పడితే లేపుకోవాలి గానీ ఇక్కడికొస్తావేం అన్నాడు. బట్టలకు నురగ, పేడ, ఆ అవతారంతో పెద్దమనుషుల మధ్యకు వెళతావా అని కూడా అన్నాడు. నాథీ తన బట్టలు చూసుకుని ఆగిపోయింది. శాలువాలు నాలుగు. నాలుగూ కప్పేదాకా ఆవిడ గేటు పట్టుకుని నిలబడింది. నాము తిన్న పశువుకు వేసే సూదిమందు వేదిక మీద కూర్చున్న డాక్టరు జీపులోనే ఉంది. ఆ జీపు ఆవిడకు పది అడుగుల దూరంలో ఉంది. అందులో ఏముందో ఆవిడకు తెలియదు, చెప్పేవాళ్ళు లేరు. మొగుడు ఇటు చూడకపోతాడా అని చూసి చూసి వెనక్కి పరిగెత్తింది.

భగ్రీ అప్పటికే అయిపోయింది. కడుపులో దూడ మాత్రం ఇంకాసేపు కదిలింది. లోపలి నుంచి కాలు తన్నినప్పుడల్లా చర్మం ఉబ్బి అణిగింది. పేట ఆడవాళ్ళంతా చూస్తూ నిలబడ్డారు. ఎవరికీ ఏం చెయ్యాలో తోచలేదు. తర్వాత అదీ ఆగింది.

చేలాజీ ఎండ చల్లబడ్డాక వచ్చాడు. కొత్త తలపాగా, భుజాన శాలువా, తల మీద నిండు రజ్కో మోపు. దూరం నుంచే నాథీని కేకేశాడు, వచ్చి మోపు దించమని. గుంపు చూశాడు. గుంపు పక్కకు జరిగితే గేదెను చూశాడు. మోపు తనంతట అదే జారి పడింది. కూర్చుని, రెండు చేతులతో దవడ విప్పి, నోట్లోంచి నమిలీ నమలని ఆకు బయటికి లాగాడు. అది ఏమిటో చూడగానే లేచి, నాథీ చెంప పగిలేలా కొట్టాడు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆయన ఆవిడ మీద చెయ్యెత్తింది లేదు. రెండోసారి కూడా కొట్టాడు.

"చూలు గేదెకు నాము పెడతావా, బుద్ధి లేదూ? ఎవడు చెప్పాడే నీకు కట్టారని?"

నాథీ ఏడవలేదు. చెంప కూడా పట్టుకోలేదు.

"నువ్వే. మైకులో చెప్పావు."

చేలాజీ చెయ్యి దించాడు.

"నేను వాళ్ళకు చెప్పానే" అన్నాడు, "నీక్కాదు."

"నాకూ వినపడింది" అంది నాథీ.